చెయ్యి లేపక ముందు

బేతంచెర్ల హైస్కూల్లో సంగీతానికి గది లేదు.
సైకిల్ స్టాండు ఉంది, పైన రేకులు.
నాలుగున్నరకు సైకిళ్ళు ఇళ్ళకు పోతాయి,
మేం వస్తాం.
పదకొండు వేణువులు, రెండు బ్యూగిళ్ళు,
మూడు సైడ్ డ్రమ్ములు, ఒక పెద్ద డ్రమ్ము,
ఒక జత ఇత్తడి తాళాలు.

గోడ అవతల నాపరాళ్ళ ఫ్యాక్టరీ.
కోత రంపం పొద్దస్తమానం
ఒకే స్వరం పట్టుకొని సాగుతుంది.
మొదటేడు దాని మీద అర్జీ రాసినాను.
రెండో ఏడు దాన్నే శ్రుతిపెట్టె అన్నాను.
మా వేణువుల కంటే అది వెంట్రుకవాసి కింద.
"పెదవి కొంచెం లోపలికి తిప్పండప్పా,
రంపం పక్కన కూర్చోండి,
దాని నెత్తిన ఎక్కొద్దు."

మొదట్లో నా చేతులు
జొన్నచేన్లో పిట్టల్ని తోలేవి.
నేనెంత ఊపితే మద్దిలేటి అంత బాదేవాడు,
మెల్లగా, మెల్లగా అని అరుస్తానే
ఇంకా పెద్దగా ఊపేదాన్ని.
ఆ పిల్లోడి తప్పేముంది,
చెవిలో మాట కంటే కంట్లో చెయ్యి ముందు పడుతుంది.
ఒక సోమవారం నాకు భుజం పట్టేసింది.
మణికట్టు మాత్రం ఆడింది, జానెడు మేర.
ఆ పొద్దు వాళ్ళు మొట్టమొదటిసారి
మెల్లగా వాయించినారు.
భుజం బాగైనాక కూడా నేను ఎవరికీ చెప్పలేదు.

మాది దూదేకుల ఇల్లు.
నాయన పెండ్లిండ్లలో సన్నాయి ఊదేవాడు.
డోలు ఉసేనప్పకు ఎప్పుడూ సైగ చేసింది లేదు,
ఊపిరి తీసుకునేవాడు, అంతే.
ఆ ఊపిరి పొడుగును బట్టి
ఉసేనప్పకు నడక తెలిసిపోయేది.
నేను ట్రైనింగ్ కాలేజీలో రెండేండ్లు
గాలిలో గీతలు గీయడం నేర్చుకున్నాను,
ఇది మాత్రం సర్టిఫికెట్లో లేదు.
ఇప్పుడు చెయ్యి లేపక ముందు
వినపడేట్టు ఊపిరి లాగుతాను,
పాట ఎంత వేగమో అంత వేగంగా.
స్టాండు కింద పద్దెనిమిది రొమ్ములు లేస్తాయి.
తర్వాత చెయ్యి దించడం
ఒట్టి లాంఛనం.

పాటను చివరి నుంచి మొదలు పెడతాను.
ఆఖరి నాలుగు ఆవర్తాలు, దాని ముందు నాలుగు,
దాని ముందు.
పిల్లలు రానిదాంట్లోంచి వచ్చినదాంట్లోకి నడుస్తారు,
ఇంటి దారి పట్టిన ఎద్దుల్లాగా.

ఎస్తేరుకు ఇవేవీ పట్టవు.
ముప్పై ఒక్క దెబ్బలు లెక్కబెట్టి
ముప్పై రెండోది కొట్టడం దాని ఉద్యోగం.
"నాకేం పని ల్యా మేడం" అంది ఒకరోజు.
అందరినీ వాద్యాలు కింద పెట్టమన్నాను.
ఎవరూ వాయించకుండా, పెదవులు కదలకుండా,
పాటంతా లోపల నడపమన్నాను.
ముప్పై రెండో చోట పదిహేడు మంది
పదిహేడు చోట్ల తల ఊపినారు.
ఎస్తేరు ఒక్కతే సరిగ్గా కొట్టింది.
ఆ తర్వాత అది పని అడగలేదు.

నిన్న, రెండో చరణం మధ్యలో కరెంటు పోయింది.
రంపం గుర్రుమని దిగిపోయింది.
గోడ అవతల అంత నిశ్శబ్దం ఉందని
నాకే తెలీదు.
పిల్లలందరూ నన్ను చూసినారు,
మౌలాలి గోడను చూసినాడు.
వాళ్ళ నాయన ఆ రంపం దగ్గరే ఉంటాడు,
అది తిరిగితేనే కూలి.
పెద్ద డ్రమ్ము రెండు దెబ్బలు తప్పింది.
నేను ఆపలేదు.
కుడిచేతిని అట్లే నడిపించి
ఎడమ అరచెయ్యి వాడి వైపు తెరిచి పెట్టినాను,
ఊరికే, ఏమీ అడక్కుండా.
ముప్పై రెండో దెబ్బకు తాళం మోగింది.
దాన్ని పట్టుకొని వాడు లోపలికి వచ్చినాడు.

పాట అయిపోవస్తుండగా కరెంటొచ్చింది.
మోటారు అడుగు నుంచి జారుకుంటా లేచి
మా చివరి స్వరాన్ని తడుముకొని
దాని మీద నిలబడింది.
"రంపం లేటు మేడం" అన్నాడు మద్దిలేటి,
"ఆబ్సెంట్ వేయండి."
అందరూ పగలబడి నవ్వినారు.
మౌలాలి నవ్వలేదు, వేళ్ళ మీద లెక్కేస్తా ఉన్నాడు.
దెబ్బలో, నిమిషాలో
నేను అడగలేదు.
"ఇంకోసారి" అని
ఊపిరి తీసుకున్నాను.